రూపాయి బిళ్లంత బ్యాటరీ

గుండీలాగానో నాణెంలాగానో ఉండి, వేలి కొన మీద నిలిచేంత చిన్నదైన విద్యుత్ ఘటాన్ని శాస్త్ర గ్రంథాలు బటన్ సెల్ అనీ, అందులోనే కాస్త వెడల్పుగా పలుచగా ఉన్నదాన్ని కాయిన్ సెల్ అనీ పేర్కొంటుండగా, అనంతపురం, ధర్మవరం, కదిరి, గుంతకల్లు అంగళ్లలో రెండూ కలిసి 'వాచీ సెల్లు' అనే పేరుతోనే అమ్ముడుపోతుంటాయి. ఒక తరం కిందటి వరకు ఈ పీఠభూమి పల్లెల్లో దాని అవసరం దాదాపు లేదు. 1961లో బెంగళూరులో మొదలైన హెచ్.ఎం.టి. గడియారాల కర్మాగారం నుంచి వచ్చిన వాచీలు చాలాకాలం పాటు రోజూ కీ ఇస్తే తిరిగేవి; జ్వరం చూసే గాజు గొట్టంలో పాదరసం ఉండేది; తూకం రాళ్లతో, త్రాసుతో జరిగేది. ఇప్పుడు చేతి గడియారం, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు, చక్కెర పరీక్షకు వాడే గ్లూకోమీటరు, వంటింటి ఎలక్ట్రానిక్ తూకం, కారు తాళంచెవిలోని రిమోట్, పిల్లల క్యాలిక్యులేటరు, తిరునాళ్లలో కొన్న మెరిసే బొమ్మ, వినికిడి తగ్గిన పెద్దవారి చెవి మిషను, అన్నీ ఈ బిళ్లల మీదే ఆధారపడి పనిచేస్తున్నాయి.

అట్టకు పది చొప్పున అతికించి, తయారీ సంస్థ పేరుగాని గడువు తేదీగాని స్పష్టంగా లేకుండా అంగడి ముందు వేలాడదీసిన సెల్లు ఒకటి కొద్ది రూపాయలకే దొరుకుతుంది. పేరున్న సంస్థ సెల్లుకు దానికి ఎన్నో రెట్లు పెట్టవలసి వస్తుంది. వాన మీద ఆధారపడి వేరుశనగ వేసుకుని, రూపాయి రూపాయికీ లెక్క చూసుకునే కుటుంబం చవకదాన్ని ఎంచుకోవడం సహజమే, చాలా సందర్భాల్లో సమంజసం కూడా. అయితే ఆ ఎంపిక ఎక్కడ సమంజసమో, ఎక్కడ ప్రమాదమో తేల్చుకోవాలంటే ఆ బిళ్ల లోపల ఏమున్నదో, ఈ నేల మీది ఎండా పొడిగాలీ దాన్ని ఏం చేస్తాయో తెలిసి ఉండాలి.

అక్షరాలు చెప్పే రసాయనం

సెల్లు వెడల్పు ముఖం మీద అచ్చొత్తిన అక్షరాలూ అంకెలూ దాని జాతకాన్ని చెబుతాయి. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం ఏర్పరచిన పద్ధతి ప్రకారం 'ఆర్' అనే అక్షరం గుండ్రని ఆకారానికి గుర్తు కాగా, దానికి ముందున్న అక్షరం లోపలి రసాయనాన్ని తెలుపుతుంది. 'ఎల్' ఉంటే అది ఆల్కలైన్ సెల్లు, అంటే జింకు పొడి ఒకవైపు, మాంగనీస్ డయాక్సైడ్ మరొకవైపు ఉండి, రెండింటి మధ్య పొటాషియం హైడ్రాక్సైడ్ అనే ఘాటైన క్షారం నిండినది. 'ఎస్' ఉంటే మాంగనీస్ డయాక్సైడ్ స్థానంలో సిల్వర్ ఆక్సైడ్, అంటే నిజమైన వెండి సమ్మేళనం ఉన్నట్టు. 'పి' ఉంటే గాలిలోని ఆక్సిజన్‌ను లోపలికి తీసుకుని పనిచేసే జింకు-గాలి సెల్లు. 'సి' ఉంటే లిథియం లోహంతో చేసినది. మొదటి మూడు రకాలూ ఒకటిన్నర వోల్టుకు అటూ ఇటూగా ఇస్తే, లిథియం సెల్లు ఒక్కటే 3 వోల్టులు ఇస్తుంది. సిఆర్2032 అన్న పేరులో మొదటి రెండంకెలు 20 మిల్లీమీటర్ల వ్యాసాన్ని, తరువాతి రెండంకెలు 3.2 మిల్లీమీటర్ల మందాన్ని సూచిస్తాయి. 2019లో ప్రవేశపెట్టిన కొత్త రూపాయి బిళ్ల వ్యాసం కూడా సరిగ్గా 20 మిల్లీమీటర్లే, బరువు కూడా ఈ సెల్లులాగే ఇంచుమించు మూడు గ్రాములే; ఈ పోలిక అధ్యాయం చివర మళ్లీ అవసరమవుతుంది.

చవక సెల్లు అట్ట మీద ఏజీ13, ఎల్ఆర్44, ఏ76, 357 అన్న పేర్లన్నీ ఒకే వరుసలో అచ్చువేసి ఉండడం తరచుగా కనిపిస్తుంది. ఈ పేర్లు గల సెల్లులన్నీ 11.6 మిల్లీమీటర్ల వ్యాసంతో, 5.4 మిల్లీమీటర్ల మందంతో ఒకే గూటిలో ఇమిడేవే గనుక, కొలతల వరకు ఆ అట్ట చెప్పేది నిజమే. కాని 357 అన్నది వెండి సెల్లుకు వాడుకలో ఉన్న సంఖ్య, ఎల్ఆర్44 ఆల్కలైన్ సెల్లుకు చెందినది. ఆల్కలైన్ సెల్లు వాడిన కొద్దీ దాని వోల్టేజీ వానలు లేని ఏడాది చెరువులో నీటి మట్టం దిగినట్టు, ఒకటిన్నర నుంచి ఒకటి దాకా మెల్లగా జారుతూ వస్తుంది. వెండి సెల్లు వోల్టేజీ చివరి దాకా 1.55 దగ్గరే దాదాపు నిలకడగా ఉండి, సరుకు అయిపోయాక ఒక్కసారిగా పడిపోతుంది. చేతి గడియారాలు తయారుచేసేవారు వెండి సెల్లును ఎంచుకోవడానికి ఈ నిలకడ ఒక ముఖ్య కారణం. అందువల్ల పెట్టెలో ఇమిడినంత మాత్రాన ఒక సెల్లు మరొకదానికి సమానం కాదని వాచీలు బాగుచేసేవారు చెబుతుంటే, అది తమ సరుకు అమ్ముకోవడానికి చెప్పే మాటగా కొట్టిపారేయకూడదు.

చవక సెల్లు చవకగా ఎలా వస్తున్నదో తెలియాలంటే జింకు స్వభావాన్ని కొంత వివరంగా చూడవలసి ఉంటుంది. క్షారంలో మునిగి ఉన్న జింకు, సెల్లు వాడుకలో లేకపోయినా కొద్దికొద్దిగా కరుగుతూ హైడ్రోజన్ వాయువును వదులుతుంది. జింకులో ఇనుము వంటి మలినం రవ్వంత ఉన్నా ఈ క్రియ వేగం పుంజుకుంటుంది. గాలి చొరబడకుండా మూసిన డబ్బీలో వాయువు పోగైతే ఒత్తిడి పెరిగి డబ్బీ ఉబ్బుతుంది, ఆ తరువాత అంచులో ఉన్న ప్లాస్టిక్ వలయాన్ని నెట్టుకుని క్షారం బయటికి పాకుతుంది. పూర్వం దీనికి విరుగుడుగా జింకులో పాదరసం కలిపేవారు. పాదరసం మనుషుల నాడీవ్యవస్థకు చేసే హాని ప్రపంచానికి తెలిసివచ్చాక, 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం వంటి ఏర్పాట్ల వల్ల దాని వాడకం తగ్గించుకుంటూ రావలసి వచ్చింది. భారతదేశం ఈ ఒప్పందాన్ని 2018లో ఆమోదించింది. పాదరసం లేకుండా అదే పని జరగాలంటే జింకును మరింత శుద్ధి చేయాలి, ఇండియం, బిస్మత్ వంటి అరుదైన లోహాలను తగు పాళ్లలో చేర్చాలి, అంచు వలయాన్ని మరింత బిగుతుగా నొక్కాలి. కంటికి కనిపించని ఈ మూడు పనులకే ఖర్చు ఎక్కువ. డబ్బీ, అచ్చు, మెరుపు ఎవరైనా ఒకేలా చేయగలరు కాబట్టి, ధర తగ్గించదలచిన తయారీదారు చేయి పెట్టేది కొనేవారు చూడలేని ఈ చోట్లలోనే.

దాని ఫలితం అందరికీ పరిచితమైనదే. మూలన పడి ఉన్న క్యాలిక్యులేటరు మూత తీసి చూస్తే సెల్లు అంచున తెల్లటి పొడి పేరుకుని, దాన్ని తాకే ఇత్తడి రేకు పచ్చబడి కనిపిస్తుంది. సెల్లు 'కారింది' అని జనం అనే ఈ స్థితిలో బయటికి వచ్చిన పొటాషియం హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పొటాషియం కార్బనేట్ అనే తెల్లటి పొడిగా మారి ఉంటుంది. పుల్లకు దూది చుట్టి, నిమ్మరసం ఒకటి రెండు చుక్కలు అద్ది తుడిస్తే ఆమ్లం ఆ క్షారాన్ని చల్లార్చుతుంది. తరువాత తడి లేకుండా ఆరనివ్వాలి. చేతికి తగిలితే వెంటనే కడుక్కోవాలి, కంటికి తగలనివ్వకూడదు. పాత సెల్లును కొత్తదాని పక్కన కలిపి వేసినప్పుడు ఈ కారడం మరింత త్వరగా జరుగుతుంది, ఎందుకంటే బలమున్న కొత్త సెల్లు బలహీనమైనదాన్ని దాని శక్తి పూర్తిగా అయిపోయాక కూడా తనతో పాటు లాగి, ధ్రువాలు తారుమారయ్యే దాకా తీసుకుపోతుంది. రెండు మూడు సెల్లులు పట్టే పరికరంలో అన్నింటినీ ఒకేసారి మార్చాలన్న నియమం వెనుక ఉన్న కారణం ఇదే.

మల్టీమీటరు పెట్టి చూసినప్పుడు కొత్త చవక లిథియం సెల్లు కూడా 3 వోల్టులే చూపిస్తుంది గదా అన్న సందేహం రావచ్చు. సెల్లులో పుట్టిన విద్యుత్తు బయటికి రావడానికి లోపలి పదార్థాలే కొంత అడ్డుపడతాయి. దీన్ని అంతర్నిరోధం అంటారు. మీటరు దాదాపు విద్యుత్తును తీసుకోదు గనుక ఈ అడ్డు దానికి కనిపించదు. ఒక సిఆర్2032 సెల్లు అంతర్నిరోధం 20 ఓములు అనుకుంటే, పరికరం 10 మిల్లీ ఆంపియర్లు లాగినప్పుడు 0.2 వోల్టు లోపలే ఖర్చై 2.8 వోల్టులు బయటికి వస్తాయి. నాసిగా నింపిన సెల్లులోనో పాతబడిన సెల్లులోనో అదే అంతర్నిరోధం 100 ఓములకు చేరితే ఒక వోల్టు పూర్తిగా లోపలే పోయి, పరికరానికి 2 వోల్టులే అందుతాయి. చాలా పరికరాలు ఆ మట్టానికి పనిచేయడం మానేస్తాయి. గ్లూకోమీటరు తెర వెలుగుతూనే, రక్తపు చుక్క పెట్టగానే ఆరిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. అంగట్లో పరీక్షించాలంటే సెల్లుకు వెయ్యి ఓముల నిరోధాన్ని కలిపి, అది పనిలో ఉండగా వోల్టేజీ చూడాలి.

ధర గురించి మరొక లెక్క ఉన్నది. ఒక ఎల్ఆర్44 సెల్లులో దాదాపు 150 మిల్లీ ఆంపియర్ గంటల సామర్థ్యం ఉన్నదనుకుంటే, అందులోని శక్తి 0.2 వాట్ గంట మాత్రమే. ఇంటి కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్ గంటలు. అంటే ఒక యూనిట్ విద్యుత్తుకు ఇలాంటి సెల్లులు 5,000 కావాలి; ఒక్కొక్కటి ఐదు రూపాయలకే దొరికినా యూనిట్ ఖరీదు 25,000 రూపాయలవుతుంది. నంబులపూలకుంట సౌర పార్కులోను, రామగిరి గుట్టల మీది గాలిమరలలోను కొద్ది రూపాయలకే యూనిట్ పుడుతున్న ప్రాంతంలో, జనం ఇష్టపూర్వకంగా కొంటున్న అత్యంత ఖరీదైన విద్యుత్తు ఇదే. అది ఎవరికీ బరువుగా తోచకపోవడానికి కారణం దాని వాడకం అంత స్వల్పంగా ఉండడమే: 28 మిల్లీ ఆంపియర్ గంటలు గల చిన్న వెండి సెల్లు, ఒక మైక్రో ఆంపియరు మాత్రమే లాగే చేతి గడియారాన్ని 28,000 గంటలు, అంటే మూడేళ్లకు పైగా నడపగలదు. అంత కాలం పరికరం లోపల కారకుండా పడి ఉండగల సెల్లుకు పది రూపాయలు ఎక్కువ పెట్టడం, వందల రూపాయల పరికరం ముందు పెద్ద ఖర్చు కాదు.

ఎండ, పొడిగాలి

పడమటి కనుమల వాననీడలో ఉన్న అనంతపురం ప్రాంతానికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వర్షం పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు. చాలా రసాయన క్రియల విషయంలో స్థూలంగా వర్తించే ఒక సూత్రం ప్రకారం ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ క్రియావేగం సుమారు రెట్టింపవుతుంది. సెల్లు గడువును తయారీదారులు సాధారణంగా 20 డిగ్రీల ప్రాంతంలో నిలువ ఉంచినట్టు భావించి లెక్కగడతారు. 40 డిగ్రీల గదిలో ఆ సెల్లు నాలుగింతల వేగంతో, మధ్యాహ్నం 50 డిగ్రీలకు చేరే రేకుల షెడ్డులోనో ఎండలో నిలిపిన వాహనంలోనో ఎనిమిదింతల వేగంతో తనంతట తాను తరిగిపోతూ ఉంటుంది. పేరున్న సంస్థ సెల్లయినా ఈ సూత్రానికి అతీతం కాదు. అయితే శుద్ధమైన జింకు, బిగువైన వలయం ఉన్న సెల్లులో మొదటి వేగమే తక్కువ గనుక, దాన్ని నాలుగుతో హెచ్చవేసినా నష్టం భరించదగినంతలోనే ఉంటుంది. తేదీ లేని చవక అట్ట రెండు వేసవులు అంగడి ముందు ఎండకు వేలాడి ఉంటే, కొన్నవారికి దక్కేది సగం చచ్చిన సెల్లే. లిథియం సెల్లులో నీటికి బదులు కర్బన ద్రావకాలు ఉంటాయి కాబట్టి అది చల్లని చోట ఏడాదికి సుమారు ఒక శాతం మాత్రమే తరుగుతుంది, వేడికి కూడా ఆల్కలైన్ కంటే మెరుగ్గా తట్టుకుంటుంది. ఈ ప్రాంతంలో రెండింటిలో దేనినైనా వాడగల పరికరం కొనేటప్పుడు లిథియం వైపు మొగ్గడం మంచిది.

పొడిగాలి ప్రభావం ఇంతకంటె విచిత్రమైనది, తెలిసినవారు తక్కువైనది. చెవి మిషనులో వేసే జింకు-గాలి సెల్లు వెనుక సూదిమొనంత రంధ్రాలు ఉండి, వాటి మీద రంగు కాగితం అతికించి ఉంటుంది. కొలతను బట్టి ఆ రంగు మారుతుంది, 10కి పసుపు, 312కి గోధుమ, 13కి నారింజ, 675కి నీలం. కాగితం పీకగానే గాలి లోపలికి వెళ్లి, అందులోని ఆక్సిజన్ ధన ధ్రువంగా పనిచేయడం మొదలవుతుంది. ఒక ధ్రువపు పదార్థాన్ని బయటి గాలే సరఫరా చేస్తున్నందున డబ్బీ అంతా జింకుతోనే నింపుకోవచ్చు, అందుకే అంత చిన్న సెల్లులో అంత ఎక్కువ శక్తి ఇమిడిపోతుంది. అయితే ఆక్సిజన్ లోపలికి పోయే దారి గుండానే లోపలి నీటి ఆవిరి బయటికి వస్తుంది. లోపలి క్షార ద్రావణం, సుమారు 60 శాతం సాపేక్ష తేమ ఉన్న గాలితో సమతౌల్యంలో ఉంటుంది. గాలి అంతకంటె తడిగా ఉంటే సెల్లు నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, అంతకంటె పొడిగా ఉంటే నీటిని కోల్పోయి ఎండిపోతుంది. కాకినాడలో తేమకు నిండిపోయే సెల్లే, వేసవి మధ్యాహ్నాల్లో తేమ 30 శాతం లోపుకు పడిపోయే అనంతపురంలో ఎండిపోతుంది. జింకు ఇంకా మిగిలి ఉండగానే మిషను మూగబోయినప్పుడు, అమ్మినవారు మోసం చేశారని అనుకునే ముందు ఈ సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

వినికిడి యంత్రాలు ఈ ప్రాంతంలో అరుదైన వస్తువులేమీ కావు. 1981లో మొదలైన కేంద్ర ప్రభుత్వపు అడిప్ పథకం కింద వికలాంగులకు ఉపకరణాలు అందుతున్నాయి. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వినికిడి లోపమున్న పిల్లల కోసం ప్రత్యేక పాఠశాలలు నడుపుతున్నది. యంత్రం ఒకసారి దొరికితే ఏళ్ల తరబడి ఉంటుంది గాని, సెల్లు మాత్రం రకాన్ని బట్టి వారం పది రోజులకో, రెండు వారాలకో మార్చుకోవలసిందే. సెల్లు కొనలేక మిషనును డబ్బాలో పెట్టేసిన పిల్లవాడికి తరగతి గదిలో మాట అందదు. అందువల్ల ఈ ఒక్క విషయంలో సెల్లు ధరను ఇంటి ఖర్చుగా కాక చదువు ఖర్చుగా చూడడం న్యాయం. ఒకేసారి పెద్ద మొత్తంలో కొని వేసవిలో నిలువ ఉంచుకోకుండా ఒకటి రెండు అట్టలు మాత్రమే కొనుక్కోవడం, వాడే క్షణం వరకు రంగు కాగితం తీయకపోవడం, తీశాక ఐదు నిమిషాలు గాలి పట్టనిచ్చి అప్పుడు మిషనులో వేయడం, ఈ మూడు అలవాట్లూ ఖర్చు లేకుండా సెల్లు ఆయుష్షును పెంచుతాయి. పీకిన కాగితాన్ని మళ్లీ అతికిస్తే సెల్లు తిరిగి నిద్రలోకి పోతుందన్న నమ్మకానికి ఆధారం తక్కువ, ఎందుకంటే ఒకసారి మొదలైన ఎండిపోవడాన్ని ఆ కాగితం పూర్తిగా ఆపలేదు.

ఎక్కడ పొదుపు, ఎక్కడ కాదు

క్యాలిక్యులేటరు, బల్ల మీది చిన్న గడియారం, అలంకరణ దీపం వంటివాటికి చవక సెల్లు వేసినందువల్ల కలిగే నష్టం పరికరం ఆగిపోవడం వరకే, మహా అయితే అది కారి పాడైపోవడం వరకే. ఎప్పటికప్పుడు మూత తీసి చూసుకునే అలవాటు, పరికరం చాలాకాలం పక్కన పెట్టేటప్పుడు సెల్లు తీసివేసే అలవాటు ఉన్నవారు అక్కడ నిర్భయంగా పొదుపు చేయవచ్చు. శరీరం గురించి ఒక అంకె చెప్పి, ఆ అంకె ఆధారంగా మనిషి నిర్ణయం తీసుకునే పరికరాల సంగతి వేరు.

పల్లెల్లో ఆశా కార్యకర్తల సంచిలో ఉండే డిజిటల్ థర్మామీటరు అటువంటిది. నవజాత శిశువులకు ఇంటి వద్దే సంరక్షణ అందించే కార్యక్రమం ప్రకారం ఆశా కార్యకర్త ఆసుపత్రి ప్రసవమైతే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో బిడ్డను చూడడానికి వెళుతుంది; బిడ్డ చంక కింద ఆ థర్మామీటరు పెట్టి, 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నదా లేదా చూస్తుంది. పుట్టిన వారంలోపు బిడ్డ ఒళ్లు చల్లబడడం జ్వరం రావడమంత ప్రమాదకరమైన సూచన. ఈ థర్మామీటర్లలో ఎక్కువగా వాడేది ఎల్ఆర్41 అనే, శనగ గింజ కంటె పెద్దది కాని ఆల్కలైన్ సెల్లు. థర్మామీటరు లోపలి విద్యుత్ వలయం, సెల్లు వోల్టేజీ కొంతవరకు తగ్గినా సరైన అంకెనే చూపేలా రూపొంది ఉంటుంది. తయారీదారు నిర్ణయించిన హద్దు కంటె కిందికి దిగినప్పుడు తెర మూలన సెల్లు గుర్తు మెరుస్తుంది. ఆ గుర్తు కనిపించిన తరువాత అంకెను నమ్మకూడదు. ఇటువంటి పరికరంలో వేసే సెల్లుకు తయారీ సంస్థ పేరు, గడువు తేదీ రెండూ ఉండి తీరాలి. గ్లూకోమీటరుకు ఇదే నియమం మరింత గట్టిగా వర్తిస్తుంది, ఎందుకంటే ఆ అంకెను చూసుకునే చాలామంది ఇన్సులిన్ మోతాదు నిర్ణయించుకుంటారు.

కొన్న సెల్లులను అట్ట నుంచి ఊడదీసి ఒకే డబ్బాలో కలగలిపి పోయకూడదు. ఒకదాని అంచు మరొకదాని నడిమి భాగానికి తగిలితే అవి ఒకదాన్నొకటి ఖాళీ చేసుకుంటాయి, లిథియం సెల్లులైతే వేడెక్కుతాయి కూడా. వాడి పారేసే సెల్లు రెండు ముఖాలకూ టేపు అతికించి వేరుగా ఉంచాలి. 2022 ఆగస్టులో వెలువడిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు చిన్న సెల్లులను కూడా తమ పరిధిలోకి తెచ్చి, వాడిన సరుకును వెనక్కి సేకరించే బాధ్యతను తయారీదారుల మీద, దిగుమతిదారుల మీద పెట్టాయి. సెల్లు మీద అడ్డంగా కొట్టివేసిన చెత్తబుట్ట బొమ్మ ఉండడం దాన్ని మామూలు చెత్తలో కలపరాదని చెప్పడానికే.

మింగినప్పుడు ఏం జరుగుతుంది

ఫాల్గుణ మాసంలో కదిరి లక్ష్మీనరసింహస్వామి రథోత్సవానికి వచ్చే జనసందోహం చుట్టూ వెలిసే అంగళ్లలో, ఇతర తిరునాళ్లలో, మెరిసే బొంగరాలు, వెలిగే ఉంగరాలు, పాడే బొమ్మలు రాశులుగా అమ్ముడుపోతుంటాయి. 2021 జనవరి 1 నుంచి అమలైన ఉత్తర్వు ప్రకారం దేశంలో అమ్మే పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. విద్యుత్ బొమ్మల ప్రమాణం ప్రకారం చిన్న సెల్లులు స్క్రూడ్రైవరు వంటి పనిముట్టు లేకుండా సులభంగా బయటికి రాకూడదు. అయినా ముద్ర లేని బొమ్మలు తిరునాళ్లలో దొరుకుతూనే ఉన్నాయి. పైగా రిమోట్, వంటింటి తూకం, దీపావళికి వెలిగించే ఎలక్ట్రానిక్ ప్రమిద వంటివి బొమ్మల లెక్కలోకి రావు గనుక ఆ రక్షణ వాటికి లేదు, పసిపిల్లల చేతికి మాత్రం అవి కూడా బొమ్మలే. ఆస్ట్రేలియా 2022 జూన్ 22 నుంచి బటన్ సెల్లు వాడే గృహోపకరణాలన్నింటికీ భద్రతా ప్రమాణాలను తప్పనిసరి చేసింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికా కూడా ఇటువంటి చట్టం చేసింది.

సెల్లు మింగితే లోపలి రసాయనం కారి విషమవుతుందని జనం అనుకుంటారు. అసలు ప్రమాదం అంతకంటె వేరైనది, అంతకంటె వేగమైనది. దాన్ని కళ్లారా చూడాలంటే పిల్లలకు అందని చోట పెద్దవారు ఒక చిన్న ప్రయోగం చేయవచ్చు. పసుపు కలిపిన నీటిలో కొద్దిగా ఉప్పు వేసి, అందులో మందపాటి తెల్ల గుడ్డ ముక్కను తడిపి, సిఆర్2032 సెల్లును అందులో చుట్టి ఉంచి కొంతసేపటికి విప్పితే, సెల్లు సన్నటి ముఖం, అంటే ఋణ ధ్రువం తాకిన చోట గుడ్డ ఎర్రబడి కనిపిస్తుంది. పసుపుకు సున్నం తగిలి పారాణి ఎర్రబడడం ప్రతి తెలుగు ఇంటికీ తెలిసినదే. ఇక్కడ సున్నం లేకుండానే ఎరుపు వచ్చిందంటే అక్కడ కొత్తగా క్షారం పుట్టిందన్నమాట. ఆ క్షారం సెల్లులోంచి కారలేదు. 3 వోల్టుల విద్యుత్తు తడిలో ప్రవహించి, నీటి అణువులను విడగొట్టి, ఋణ ధ్రువం వద్ద హైడ్రాక్సైడ్‌ను తయారుచేసింది. ఆహారనాళంలో ఇరుక్కున్న సెల్లు, తడిసిన సున్నితమైన కండరం మధ్య ఇదే పని చేస్తుంది. గుడ్డకు బదులు కండరం కాలుతుంది. ఆ గాయం రోజులు గడిచే కొద్దీ లోతుగా పోయి పక్కనున్న శ్వాసనాళాన్ని, కొన్ని సందర్భాల్లో బృహద్ధమనిని కూడా చీల్చగలదు.

నీటిని విడగొట్టడానికి సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు చాలు. పరికరం ఇక పనిచేయదని తీసివేసిన లిథియం సెల్లులో కూడా సాధారణంగా 2 వోల్టుల దాకా మిగిలే ఉంటుంది కాబట్టి, 'అయిపోయిన' సెల్లు పిల్లల చేతికి దొరికినా ప్రమాదం తగ్గదు. చిన్న ఎల్ఆర్41, ఎల్ఆర్44 సెల్లులు చాలాసార్లు ఇరుక్కోకుండా కడుపులోకి జారిపోతాయి. 20 మిల్లీమీటర్ల లిథియం బిళ్ల పసిబిడ్డ ఆహారనాళంలో సరిగ్గా పట్టేసే కొలతలో ఉండడం దాన్ని మిగతావాటి కంటె ఎంతో భయంకరం చేస్తున్నది. అది రూపాయి బిళ్లంత వెడల్పు ఉన్నందువల్ల, బిడ్డ నాణెం మింగిందని అనుకుని అరటిపండు పెట్టి ఊరుకునే అవకాశం కూడా ఎక్కువే. ఎక్స్‌రేలో నాణెం ఒకే చక్రంగా కనిపిస్తే, సెల్లు అంచు లోపల మరొక వలయంతో జంట చక్రంగా కనిపిస్తుంది. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో మెట్టులాంటి వంపు తెలుస్తుంది. ముక్కులోనో చెవిలోనో దూర్చుకున్న సెల్లు కూడా ఇదే విధంగా కాలుస్తుంది గనుక, అందులో చుక్కల మందు వేయకుండా వెంటనే వైద్యుని చేత తీయించాలి.

బిడ్డ సెల్లు మింగిందన్న అనుమానం వచ్చినప్పుడు వాంతి చేయించకూడదు, అన్నం నీళ్లు పెట్టకూడదు. ఏడాది దాటిన బిడ్డ అయితే, మింగి పన్నెండు గంటలు దాటకపోతే, ఆసుపత్రికి తీసుకుపోతూ దారిలో పది నిమిషాలకొకసారి రెండు చిన్న చెంచాల తేనె ఆరు సార్ల దాకా తాగించవచ్చు; చిక్కటి తేనె సెల్లుకూ కండరానికీ మధ్య పూతలా నిలిచి, స్వల్పమైన ఆమ్ల గుణంతో క్షారాన్ని కొంత తగ్గిస్తుందని అమెరికాలోని విషప్రమాద సలహా కేంద్రాలు సూచిస్తున్నాయి. ఏడాది లోపు బిడ్డకు తేనె ఇవ్వకూడదు. తేనె కోసం వెతుక్కుంటూ బయలుదేరడం ఆలస్యం చేయకూడదు. 108కి ఫోన్ చేసి, ఎక్స్‌రే, ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికే నేరుగా పోవాలి, సెల్లు మింగిందన్న మాట మొదటే చెప్పాలి, అదే రకం సెల్లో దాని అట్టో ఉంటే వెంట తీసుకుపోవాలి.

ఇరుక్కున్న లిథియం సెల్లు రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం చేయగలదు. మడకశిర అవతల కర్ణాటక సరిహద్దున ఉన్న రొళ్ల నుంచి అనంతపురం నూరు కిలోమీటర్ల పైమాటే. పసిపిల్లలున్న ప్రతి ఇంట్లోను రిమోట్, తూకం, బొమ్మ, ప్రమిద వెనుక సెల్లు మూతకు స్క్రూ ఉన్నదా లేదా అన్నది ఈ రోజే చూసుకోవాలి. లేని వస్తువుకు గట్టి టేపు చుట్టి, వీలైనంత త్వరలో దాన్ని ఇంట్లోంచి తీసివేయాలి.